కూల్చే ముందు ఒక లెక్క

కోనసీమలో మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. చుట్టూ పెంకుల వసారాలు, నడుమ ఆకాశం. వాన పడితే నాలుగు వైపుల నీళ్లూ మండువాలోకే దిగుతాయి. మొన్న సంక్రాంతికి అందరం చేరినప్పుడు మావయ్య మాట తెచ్చాడు: "ఏటా ఈ పెంకులు సర్దించలేకపోతున్నాను రా. పడగొట్టి స్లాబ్ వేసేద్దాం, టెన్షన్ ఉండదు." ఆయన ఇబ్బంది నిజమే. ఆ పని చేసే మనుషులు దొరకడం లేదు. అయినా కొత్త ఇల్లు కడితే ఎంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందో చూద్దామని ఆ రాత్రి నేను కాగితం తీసుకుని కూర్చున్నాను.

1500 చదరపు అడుగుల డాబాకి మేస్త్రీలు చెప్పే నోటి లెక్క, అడుగుకి 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల ఇనుము. అంటే 600 బస్తాలు, 6 టన్నుల ఇనుము. మన దేశంలో ఒక సిమెంటు బస్తా తయారయ్యేసరికి సుమారు 30 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. టన్ను ఉక్కుకి 2 టన్నులకు పైనే. ఈ రెండింటికే 30 టన్నులు! ఇటుకలు, లారీల డీజిలు ఇంకా కలపలేదు.

సిమెంటుకి ఇంత ఎందుకంటే, తప్పు బొగ్గుది మాత్రమే కాదు. సున్నపురాయిలోనే కార్బన్ డయాక్సైడ్ బంధించి ఉంటుంది. 100 కిలోల స్వచ్ఛమైన రాయిని కాలిస్తే 44 కిలోలు వాయువై పోతుంది. బట్టీని సౌరవిద్యుత్తుతో నడిపినా అది ఆగదు.

కొత్త ఇంట్లో కరెంటు ఆదా అవుతుందిగా అంటారు. అవుతుందనే అనుకుందాం, ఏడాదికి 1000 యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున, మిగిలేది 700 కిలోలు. ఆ 30 టన్నుల బాకీ తీరడానికి 40 ఏళ్లు దాటుతుంది. అసలు జరిగేది మాత్రం వేరు. వైశాఖంలో స్లాబ్ పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి గదిలోకి వదులుతుంది, ఏసీ కొనక తప్పదు. మండువాలో వేడిగాలి పైకి పోతూ వసారాల్లోంచి చల్లగాలిని లాగుతుంది.

పాత ఇంటి బాకీ ఏనాడో చెల్లిపోయింది. పైగా దూలాల టేకులో, ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. దూలం నిలిచినంత కాలం అది అందులోనే ఉంటుంది. గోడలు కట్టిన గానుగ సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) సంగతి నాకు మరీ ఇష్టం. బట్టీలో రాయి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని, గోడలో గట్టిపడేటప్పుడు గాలి నుంచి నెమ్మదిగా తిరిగి తీసుకుంటుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను కట్టింది రాయి, సున్నంతోనే.

అయితే బాగుచేయడం పేరుతో పాత ఇళ్లను పాడుచేయడం ఈ డెల్టాలో చాలాచోట్ల చూశాను. మనకి నేలలో నీరు పైపైనే ఉంటుంది, చెమ్మ గోడల్లోకి ఎక్కుతుంది. సున్నపు పూత ఆ చెమ్మని బయటికి పోనిస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని ఇంకా పైకి పాకుతుంది. ఉప్పు తేలుతుంది, పెచ్చులూడతాయి, గోడలో దిగిన దూలం చివర కుళ్లుతుంది. అప్పుడు "ఇల్లు పాతబడిపోయింది" అంటాం. ఆ గోడ పాడైంది మనం పూసిన పూతవల్ల.

ఒకవేళ గోడ తీయాల్సి వచ్చినా, సున్నంతో కట్టిన ఇటుక చాలావరకు ముక్కలవకుండా ఊడివస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు. సిమెంటులో కట్టింది ఎక్కువగా విరిగిపోతుంది.

పెంకుటిళ్లకి తుపాను భయం ఉంది, దాన్ని దాచకూడదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను ఎలా ఊడ్చేసిందో మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. గాలి కప్పు మీదుగా దూసుకుపోతూ పెంకులను పైకి లాగుతుంది. అందుకే మేం చేయించాలనుకునే మొదటి పని, వాసాలను దూలాలకీ దూలాలను గోడలకీ ఇనుప పట్టీలతో బిగించడం, అంచు పెంకులను తీగతో కట్టడం. కుళ్లిన దూలాలు రెండే. వాటిలోనూ చివరి ముక్క కోసి కొత్త కలప అతికితే చాలు. దీనికయ్యే ఇనుము కిలోల్లోనే ఉంటుంది.

లెక్క చూపిస్తే మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. "సున్నం పని తెలిసినవాళ్లు ఎవరున్నార్రా ఇప్పుడు?" అన్నాడు చివరికి. పక్క ఊళ్లో ఒక పెద్ద మేస్త్రి ఉన్నాడు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వస్తానన్నాడు, నేర్చుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లని చూసి పెట్టమన్నాడు.