బొమ్మ తడవని పాక: ఏ సామాను దేనికో పిల్లలకు నేర్పడంలో అపోహలు - వాస్తవాలు

రెండు, మూడు తరగతుల పిల్లలకు ‘బొమ్మ తడవకుండా పాక కట్టండి’ అన్న పని ఇచ్చేటప్పుడు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: ఎన్ని సామాన్లు పెడితే పిల్లలు అంత బాగా ఆలోచిస్తారు.
వాస్తవం: మెరుపు కాగితం ఒక్కటుంటే చాలు, చేతులన్నీ దాని మీదే. పాత దినపత్రిక, నూలుగుడ్డ, చార్టు, కడిగి ఆరబెట్టిన పాలప్యాకెట్ సరిపోతాయి. ప్యాకెట్‌ను కోసి ముక్కలుగానే ఇవ్వాలి. సంచిలా ఇస్తే మొహానికి తొడుక్కుంటారు.

అపోహ: ‘ప్లాస్టిక్‌లోంచి నీళ్లు దిగవు’ అని చెబితే చాలు.
వాస్తవం: చెబితే బట్టీ పడతారు, చూస్తే నమ్ముతారు. ప్లేటులో 5 సెం.మీ. టిష్యూ ముక్క, దాని మీద 10 సెం.మీ. సామాను ముక్క పెట్టాలి. డ్రాపర్‌తో నడిమధ్యన 10 చుక్కలు, అన్నిటికీ ఒకే ఎత్తు నుంచి. 5 నిమిషాలయ్యాక టిష్యూ చూడాలి, పొడిగా ఉంటే ఆ సామాను పాస్, తడిస్తే ఫెయిల్. టిష్యూ పెద్దదైతే అంచు నుంచి జారిన నీటికే తడిసి పాలప్యాకెట్ కూడా ఫెయిలవుతుంది. పై నీటిని తుడవకుండా ముక్క ఎత్తినా అంతే. చార్టు మీద చుక్కలు కాసేపు పూసల్లా నిలుస్తాయి, పిల్లలు ‘పాస్’ అని అరిచేస్తారు. తర్వాత నెమ్మదిగా పీల్చుకుని మెత్తబడుతుంది. అందుకే గడియారం చూడకుండా తీర్పు చెప్పనివ్వకూడదు.

అపోహ: గట్టిది ఎంచుకోమంటే పిల్లలకు అర్థమవుతుంది.
వాస్తవం: మన ‘గట్టి’తోనే చిక్కు. వంగనిదీ గట్టిదే, చిరగనిదీ గట్టిదే. సుద్దముక్క వంగదు, కానీ కింద పడితే విరుగుతుంది. పాలప్యాకెట్ ఎటైనా వంగుతుంది, లాగితే మాత్రం అంత తేలిగ్గా చిరగదు. ‘గుంజకు ఏ గట్టి కావాలి? కప్పుకు ఏ గట్టి?’ అని విడివిడిగా అడగాలి. పైగా గట్టితనం సామానుది మాత్రమే కాదు, ఆకారానిది కూడా. 20 సెం.మీ. ఎడంగా పెట్టిన రెండు పుస్తకాల దొంతరల మీద పరిచిన ఎ4 కాగితం తన బరువుకే కుంగుతుంది. దాన్నే సెంటీమీటరు మడతలతో విసనకర్రలా మడిస్తే నాణేలు మోస్తుంది. మడతలు ఒక దొంతర నుంచి రెండో దొంతర వైపు సాగాలి, అడ్డంగా మడిస్తే మళ్లీ కుంగుడే. తాటాకు చేతికిచ్చి తడమమనండి, అవే మడతలు దొరుకుతాయి.

అపోహ: సామాను కుదిరితే అతికించడం ఎంత పని!
వాస్తవం: ఫెవికాల్‌లోని నీటిని కాగితం, గుడ్డ పీల్చుకుంటాయి కాబట్టే పట్టు వస్తుంది. ప్లాస్టిక్ పీల్చదు, ఆరాక ఫెవికాల్ పొరలా ఊడివస్తుంది. తడి మీద టేపూ అంటదు. అంచున రంధ్రం చేసి దారంతో కట్టించడం మేలు. రెండు ముక్కలతో కప్పు వేస్తే కింది ముక్క ముందు, పై ముక్క దాని మీదికి 2 సెం.మీ. ఎక్కేలా. పిల్లలు చాలాసార్లు తిరగేసి వేస్తారు, నీళ్లు సందులోంచి నేరుగా బొమ్మ నెత్తిన పడతాయి. తాటాకు కప్పేవాళ్లు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోయేది ఇందుకే.