1974 నోబెల్: వడ్డించేవాళ్ళే బంతిలో కూర్చున్న ఏడాది

1974 అక్టోబరులో సాహిత్య నోబెల్ ఇద్దరికి కలిపి ప్రకటించారు. ఒకరు కవి, నవలాకారుడు హారీ మార్టిన్‌సన్, మరొకరు నవలాకారుడు ఐవింద్ యోన్సన్. ఇద్దరూ స్వీడన్ వాళ్ళే. అంతవరకూ ఫరవాలేదు. కానీ బహుమతి ఎవరికివ్వాలో తేల్చే స్వీడిష్ అకాడమీలో ఇద్దరూ సభ్యులు. మార్టిన్‌సన్ 1949 నుంచి, యోన్సన్ 1957 నుంచి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా చాలంటారు. ఇక్కడ వడ్డించేవాళ్ళే విస్తరి ముందు కూర్చున్నారు. బహుమతికి నవలాకారులు గ్రహాం గ్రీన్, నబకోవ్, సాల్ బెలో పేర్లు వినిపిస్తున్న రోజులవి. బెలోకి రెండేళ్ళ తర్వాత బహుమతి వచ్చింది, మిగతా ఇద్దరికీ ఎప్పటికీ రాలేదు.

నిజానికి అకాడమీకి ఇది కొత్త అలవాటు కాదు. 1786లో రాజు మూడో గుస్తావ్ స్థాపించిన ఈ సంస్థలో ఉన్నవి 18 కుర్చీలు. 2018 దాకా ఒకసారి కూర్చుంటే జీవితాంతం. 1916లో బహుమతి అందుకున్న కవి వెర్నర్ వాన్ హైడెన్‌స్టామ్ అప్పటికే సభ్యుడు. 1913లో మన ఠాగూర్‌కి ఇవ్వాలని గట్టిగా చెప్పినవాళ్ళలో ఆయనొకడు. 1931 వ్యవహారం మరీ విచిత్రం. అకాడమీ శాశ్వత కార్యదర్శిగా ఉన్న కవి కార్ల్‌ఫెల్ట్, బతికుండగా నాకొద్దన్నాడు. చనిపోయాక ఆయనకే ఇచ్చారు. 1951లో అందుకున్న పార్ లాగర్‌క్విస్ట్ కూడా సభ్యుడే. 1974 నాటికి నోబెల్ మీద ప్రపంచం చూపు పెరిగింది, పెద్దల సంస్థలంటే స్వీడన్‌లోనే గౌరవం తగ్గింది. ఈసారి ఒకరు కాదు, ఇద్దరు. స్వదేశీ పత్రికలే ముందు విరుచుకుపడ్డాయి.

ఆ దెబ్బ తగిలిన ఇద్దరిలో మార్టిన్‌సన్ ఎక్కణ్ణుంచి వచ్చాడో చూస్తే ఈ కథ ఇంకా చేదుగా ఉంటుంది.

మార్టిన్‌సన్ 1904 మే 6న, దక్షిణ స్వీడన్‌లోని బ్లెకింగే ప్రాంతంలో, యామ్స్‌హోగ్ అనే ఊళ్ళో పుట్టాడు. ఆరేళ్ళ వయసులో తండ్రి క్షయతో పోయాడు. కొద్దికాలానికే తల్లి పిల్లల్ని వదిలేసి అమెరికా వెళ్ళిపోయింది. హారీ, అతని అక్కచెల్లెళ్ళు ఊరి ఉమ్మడి భారమయ్యారు. అలాంటి పిల్లల్ని అప్పట్లో ఒకరకం వేలంలో పెట్టేవారు. ఎక్కువ పాట పాడినవాడికి కాదు, పోషణకు ఊరి నుంచి అందరికన్నా తక్కువ డబ్బు అడిగినవాడికి పిల్లాణ్ణి అప్పగించేవారు. తక్కువకి ఒప్పుకున్న రైతు ఆ లోటు పిల్లాడి చాకిరీతో పూడ్చుకునేవాడు. ఈ పద్ధతిని చట్టం 1918లో గానీ ఆపలేదు. ఇల్లు మార్చి ఇల్లు, మధ్యమధ్య పారిపోవడం, చివరికి పదహారేళ్ళకి ఓడెక్కడం. బొగ్గు ఎగదోసే పని చేస్తూ చాలా రేవులు తిరిగాడు. ఊపిరితిత్తుల జబ్బు చేశాక ఒడ్డున పడ్డాడు.

మొదటి కవితా సంపుటి 1929లో వచ్చింది. అదే ఏడాది మోవాను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె అతనికన్నా పద్నాలుగేళ్ళు పెద్ద, ఇద్దరు కొడుకుల్ని నీళ్ళలో పోగొట్టుకున్న వితంతువు. తర్వాత ఆమె కూడా శ్రామిక స్త్రీల జీవితాన్ని రాసిన పేరున్న నవలాకారిణి అయింది. ఆ కాపురం పదేళ్ళకు పైగా నడిచి విడాకులతో ముగిసింది. బాల్యం మీద 1935లో ఆయన రాసిన నవలకు మంచి పేరొచ్చింది. 1949లో అకాడమీ పిలిచింది. బడి చదువు పెద్దగా లేని, వేలంలో పెరిగిన మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం అప్పట్లో పెద్ద వార్తే.

1956 నాటి 'అనియారా' గురించి మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాలి. అమెరికా, సోవియట్ దేశాలు హైడ్రోజన్ బాంబులు పరీక్షించిన కొద్ది కాలానికే, స్పుత్నిక్ ఎగరడానికి ఏడాది ముందే వచ్చిన కావ్యం ఇది. మొత్తం 103 పాటలు. పాడైపోయిన భూమిని వదిలి 8000 మందితో అంగారకుడికి బయల్దేరిన ఓడ, ఒక గ్రహశకలాన్ని తప్పించుకోబోయి దారి తప్పుతుంది. ఇక వెనక్కి తిరగలేదు. ఓడలో 'మీమా' అనే యంత్రం దూరాల దృశ్యాలు చూపిస్తూ జనానికి ఓదార్పుగా ఉంటుంది. భూమ్మీద ఒక నగరం కాలి బూడిదవడం చూశాక ఆ యంత్రమే దుఃఖంతో చచ్చిపోతుంది. మనుషులకన్నా ముందు యంత్రానికి గుండె పగిలిందన్న ఈ ఊహ ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తుంది. 1959లో దీన్ని ఒపెరాగా ఆడారు, 2018లో సినిమా తీశారు. (అదే 2018లో అకాడమీ తన సొంత కుంభకోణంలో చిక్కుకుని నోబెల్‌నే ప్రకటించలేకపోయింది!) నన్నడిగితే, బహుమతికి ఈ ఒక్క పుస్తకం చాలు. గొడవ అర్హత గురించి కాదు, ఇచ్చిన చేతుల గురించి.

కానీ ఆ తేడాను అప్పట్లో ఎంతమంది పాటించారు? మార్టిన్‌సన్ విమర్శకు తట్టుకునే మనిషి కాదు. 1960లో కార్ల నాగరికతను తప్పుబడుతూ తెచ్చిన సంపుటిని విమర్శకులు ఏకిపెడితే, 1971 దాకా మరో కవితా సంపుటి వెయ్యలేదు. అలాంటివాడికి డెబ్భై ఏళ్ళ వయసులో, అందరూ అభినందించాల్సిన రోజున, ఊళ్ళోవాళ్ళ వెటకారం దక్కింది. 1974 డిసెంబరు 10న బహుమతి అందుకున్నాడు. 1970లో ప్రకటించిన తన నోబెల్‌ను రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్ స్వయంగా వచ్చి తీసుకున్నదీ ఆ వేదిక మీదే. దాంతో లోకం చూపంతా అటే పోయింది.

యోన్సన్ 1976లో మరణించాడు. తీవ్రమైన మానసిక కుంగుబాటులో ఉన్న మార్టిన్‌సన్ 1978 ఫిబ్రవరి 11న స్టాక్‌హోమ్ ఆస్పత్రిలో ఆత్మహత్య చేసుకున్నాడు. పత్రికలే చంపాయని కొందరు అంటారు. చిన్ననాటి నుంచి మోస్తున్న గాయాలున్న మనిషి విషయంలో అంత తేలిగ్గా తీర్పు చెప్పెయ్యడం నాకు సబబుగా తోచదు. నోబెల్ గొడవ ఆయన్ని బాగా కుంగదీసిందన్నది మాత్రం వాస్తవం.

ఆ తర్వాత అకాడమీ పదవిలో ఉన్న తన సభ్యుడెవరికీ సాహిత్య నోబెల్ ఇవ్వలేదు. స్వీడన్ రచయితకు మళ్ళీ ఆ బహుమతి రావడానికి 37 ఏళ్ళు పట్టింది. 2011లో అది అందుకున్న కవి టోమస్ ట్రాన్‌స్ట్రోమర్‌కి అప్పటికి 80 ఏళ్ళు. ఆయన అకాడమీ సభ్యుడు కాదు.