ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ అయితే ఆడియోకే ఎందుకు దెబ్బ?

ఫైలు తెరుచుకోవడం అర సెకను ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. శబ్దానికి ఆ వెసులుబాటు లేదు. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన అంకెలు) నడుస్తాయి. పాడేవారికి తమ గొంతు హెడ్‌ఫోన్లలో వెంటనే వినపడాలని బఫర్‌ను, అంటే ఒక్కో విడతలో పంపే శబ్దం మోతాదును, 64 శాంపిళ్లకు తగ్గిస్తే, దాదాపు ఒకటిన్నర మిల్లీసెకనుకోసారి తరువాతి విడత సిద్ధం కావాలి. ఒక్కటి తప్పినా టప్పుమని చప్పుడు వస్తుంది. ఈ తొందర వల్లే చాలా ఆడియో డ్రైవర్లు (పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రామ్‌లు) ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో చోటు చేసుకున్నాయి. అక్కడ ఏం మారినా ముందు తగిలేది వాటికే.

2007లో విండోస్ విస్టా ఆడియో వ్యవస్థలో చాలా భాగాన్ని కెర్నల్ బయటికి తెచ్చింది. సౌండ్‌కార్డు చిప్‌ను నేరుగా వాడుకునే డైరెక్ట్‌సౌండ్ దారి మూసుకుపోవడంతో ఎన్నో పాత ఆటల్లో త్రీడీ సౌండ్ ఎఫెక్టులు ఆగిపోయాయి.

మ్యాక్‌లో చిక్కు మరోలా వచ్చింది. ఒక పాట ప్రాజెక్టులో ఐదారు కంపెనీల ప్లగిన్లు, అంటే వాద్యాలుగానో ఎఫెక్టులుగానో పనిచేసే చిన్న ప్రోగ్రామ్‌లు, ఉండడం మామూలే. అవన్నీ పాటను తయారుచేసే ఒకే ప్రోగ్రామ్‌లో చేరి పనిచేస్తాయి. 2015 సెప్టెంబరు 30న మ్యాక్ సిస్టమ్ కొత్త వెర్షన్ ఎల్ కాపిటన్ (10.11) వచ్చినప్పుడు ఆపిల్ రూపొందించిన ఆడియో యూనిట్ పద్ధతిలో చేసిన కొన్ని ప్లగిన్లు పనిచేయలేదు. అప్పుడే అప్‌గ్రేడ్ కావద్దని కంపెనీలు వినియోగదారులను కోరాయి. తప్పు సిస్టమ్‌లోనే ఉంది. అక్టోబరు 21న వచ్చిన 10.11.1 దాన్ని సరిచేసింది.

2019లో మరో మ్యాక్ వెర్షన్ కాటలీనా కొట్టిన దెబ్బకు అలాంటి మందు లేదు. పాత తరహా 32 బిట్ ప్రోగ్రామ్‌లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తయారీదారు దుకాణం కట్టేసిన ప్లగిన్‌ను 64 బిట్‌కు మార్చేవారెవరు? ప్రాజెక్టు తెరుచుకుంటుంది, స్వరాలన్నీ తెర మీద కనిపిస్తాయి, వాటిని పలికించే వాద్యమే ఉండదు. మరొకరి శ్రమ ఫలాన్ని ఇలా చెరిపేయడం నా దృష్టిలో అన్యాయం. ముందస్తు హెచ్చరికలు ఇచ్చామన్న ఆపిల్ మాట నిజమే. కానీ మూతపడిన కంపెనీకి హెచ్చరిక చేరి ఏం లాభం?

భద్రత కోసం సిస్టమ్‌ను మార్చడం అవసరమే, కాదనను. అయితే సిస్టమ్ ఏటా మారుతుంటే ప్రతి ప్లగిన్‌నూ, ప్రతి డ్రైవర్‌నూ మళ్లీ పరీక్షించే భారం ఒకరిద్దరే నడిపే చిన్న సంస్థల మీద కూడా పడుతోంది. 2020లో ఆపిల్ సొంత చిప్‌తో వచ్చిన ఎం1 మ్యాక్‌లలో ఇతర కంపెనీల కెర్నల్ డ్రైవర్ పనిచేయాలంటే, మరమ్మతుల కోసం ఉండే రికవరీ మోడ్‌లోకి వెళ్లి భద్రత స్థాయి తగ్గించాలి. 2025లో వచ్చిన మ్యాక్ వెర్షన్ టాహో, పరికరాలను కలిపే పాత కేబుల్ పద్ధతి ఫైర్‌వైర్‌కు మద్దతు తీసేసింది. దాంతో కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లు (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెలు) చెక్కుచెదరకుండా ఉన్నా ఆ సిస్టమ్‌లో పనికిరాకుండా పోయాయి. అందుకే చాలా స్టూడియోలు పాత సిస్టమ్‌తో ఒక కంప్యూటర్‌ను నెట్‌కు దూరంగా ఉంచుకుంటాయి, పూర్తయిన ప్రతి ట్రాక్‌నూ వేవ్ ఫైలుగా దాచుకుంటాయి.