క్యాప్సికం మన వేడికి కాయదా? అపోహలు - వాస్తవాలు

షేడ్‌నెట్ కింద కూరగాయల నారు పెంచడం నా పని. ఏటా ఫిబ్రవరి, మార్చిలో ఎవరో ఒకరు క్యాప్సికం నారు కోసం వస్తారు. ఇప్పుడు వద్దండీ, వానాకాలం సగమయ్యాక రండి అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. వాళ్ల డబ్బులు, మూడు నెలల కష్టం వృథా కావడం నాకిష్టం లేదు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: చల్లటి ప్రాంతం పంట, మన వేడికి గింజే మొలవదు.

నిజానికి గింజకు వేడే కావాలి. 25 నుంచి 30 డిగ్రీలుంటే ఎనిమిది, పది రోజుల్లో మొలుస్తుంది, అదే గట్టి చలిలో పోస్తే వారాల తరబడి కదలదు. పేచీ అంతా పూత దగ్గరే. పగలు 32 దాటి, రాత్రి కూడా 24 కంటే దిగకపోతే పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పూలు కాడతో సహా రాలిపోతాయి. మొక్క మాత్రం ఏపుగా, నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి బలం చాలలేదేమో అనుకుని యూరియా వేస్తారు, దాంతో ఇంకా ఆకే పెరుగుతుంది తప్ప కాయ పడదు.

అందుకే లెక్క పూత నుంచి వెనక్కి వేసుకోండి. హైదరాబాద్ చుట్టుపక్కల రాత్రులు చల్లబడేది నవంబరులో. అప్పటికి పూత రావాలంటే మఖ, పుబ్బ కార్తెల్లో, అంటే ఆగస్టు సగం నుంచి సెప్టెంబరు సగంలోపు గింజ పడాలి, 35-40 రోజుల నారు నాటాలి. మదనపల్లె, పలమనేరు వైపు నేల ఎత్తు, రాత్రులు చల్లన, కాబట్టి వాళ్లకు వెసులుబాటు ఎక్కువ. విజయవాడ వైపు ఉక్క త్వరగా వదలదు, అక్కడ ఇంకో రెండు వారాలు ఆగినా మంచిదే.

మొలిచేటప్పుడు ఒక సంగతి చూడండి. మెడ వంచుకుని మొలక పైకి లేస్తుంది, కొన్నిటికి గింజ తొక్క రెండు ఆకుల కొసన టోపీలా ఇరుక్కుపోతుంది. గోటితో లాగారంటే ఆకులు తెగిపోతాయి. ఒక నీటి చుక్క వేసి, కాసేపాగి మెత్తబడ్డాక కదిపితే అదే జారిపోతుంది. ఇక రోజూ ట్రే నిండా నీళ్లు పోస్తే నారుకుళ్లు ఖాయం, ట్రేలో నింపిన కొబ్బరి పొట్టు పైన ఆరినట్టు కనబడ్డాకే తడపండి.

అపోహ: కూరకు తెచ్చిన కాయలోని గింజలు చాలు.

ఆకుపచ్చ కాయ అంటే ముదరని కాయ, అందులో గింజలు చాలావరకు తాలు. ఎర్రకాయ గింజలు మొలుస్తాయి గానీ అది హైబ్రిడ్ అయితే తల్లిలాంటి కాయలే వస్తాయన్న నమ్మకం లేదు. సొంత గింజ కట్టుకోవాలంటే కాలిఫోర్నియా వండర్ లాంటి మామూలు రకం వేసుకోండి.

అపోహ: పక్కన మిర్చి ఉంటే క్యాప్సికం కారం ఎక్కుతుంది.

ఈ ఏడాది కాయకు ఏమీ కాదు. మిరపలో కారం పుట్టేది గింజలు అంటుకునే తెల్లటి గుజ్జులో, అది తల్లి మొక్క భాగం, ఏ పుప్పొడి పడినా మారదు. ఆ కాయలోంచి గింజ తీసి పైఏడాది వేస్తే మాత్రం కారంగా కాయవచ్చు. గుంటూరు వైపు మిర్చి చేల పక్కన వేసేవాళ్లు గింజ దాచుకోకండి.

కాయ అడుగున మూడు బుడిపెలుంటే మగకాయ, నాలుగుంటే ఆడకాయ అన్నది ఉత్తమాట. కాయల్లో ఆడా మగా లేవు.

అపోహ: ఆకు ముడిచిందంటే వైరస్సే, పీకేయాలి.

తొందరపడొద్దు. ఆకు అంచులు పైకి దోనెలా ముడిస్తే తామరపురుగు (త్రిప్స్) కావచ్చు, కిందికి ముడుచుకుని ఆకు కాడ సాగితే నల్లి (మైట్) కావచ్చు. లేత కొమ్మను తెల్ల కాగితం మీద దులిపి చూడండి, సన్నటి నూలుపోగు ముక్కల్లాంటివి పాకితే తామరపురుగే. నల్లి మామూలు కంటికి ఆనదు, భూతద్దం కావాలి. ఏదో తేలాకే మందు సంగతి, ఎందుకంటే తామరపురుగు మందుల్లో చాలావి నల్లి మీద పనిచేయవు.