పదహారు అంగుళాల గీత: అమెరికాలో కురచ బ్యారెల్ రైఫిల్ రిజిస్ట్రేషన్ వెనుక కథ

అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో పదహారు అంగుళాల బ్యారెల్ (గొట్టం) ఉన్న రైఫిల్‌ను ఒక సాధారణ పౌరుడు దుకాణంలో నేర చరిత్ర తనిఖీ పూర్తికాగానే కొని ఇంటికి తీసుకుపోవచ్చు. అదే రైఫిల్ బ్యారెల్ పదిహేనున్నర అంగుళాలే ఉంటే మాత్రం ఫెడరల్ ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకుని, వేలిముద్రలు, ఫొటో ఇచ్చి, ఆమోదం చేతికి వచ్చేదాకా ఆగాలి. ఆమోదం లేకుండా దగ్గర ఉంచుకున్నవారికి పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఈ దరఖాస్తుతో పాటు తొంభై ఏళ్లకు పైగా కట్టవలసి వచ్చిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది, రిజిస్ట్రేషన్ మాత్రం యథాతథంగా నిలిచింది. అర అంగుళం తేడాకు చట్టం ఇంత బరువు ఎందుకు ఇచ్చిందన్న ప్రశ్నకు జవాబు 1934లో ఉంది.

మద్యనిషేధ కాలపు ముఠా తగాదాలు, 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఏడుగురిని వరుసగా నిలబెట్టి కాల్చి చంపిన ఉదంతం, 1933 ఫిబ్రవరిలో మయామీలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌పై జరిగిన హత్యాయత్నం దేశాన్ని కుదిపివేసిన రోజులవి. అటార్నీ జనరల్ హోమర్ కమ్మింగ్స్ తుపాకులను అదుపు చేయాలని పట్టుబట్టారు. అయితే శాంతిభద్రతలు రాష్ట్రాల పరిధిలోని విషయం కాబట్టి కొన్ని రకాల ఆయుధాలను నేరుగా నిషేధించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉందా అన్న సందేహం ఆయనను వెంటాడింది. అందుకే పన్ను అనే దారి ఎంచుకున్నారు. చేతులు మారిన ప్రతిసారీ 200 డాలర్లు. ఆ రోజుల్లో థామ్సన్ సబ్‌మెషిన్‌గన్ ధరే దాదాపు అంత ఉండేది. ఆదాయం కోసం కాక, కొనేవాడు వెనక్కి తగ్గాలన్న ఉద్దేశంతో పెట్టిన పన్ను అది. 1934 జూన్ 26న రూజ్‌వెల్ట్ సంతకంతో అది నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ పేరుతో చట్టమైంది.

కురచ రైఫిళ్ల చిక్కుముడి ఆ బిల్లు ముసాయిదాలోనే పడింది. మొదట ప్రభుత్వం ప్రధానంగా గురిపెట్టింది పిస్తోళ్లు, రివాల్వర్ల మీద. వాటిని కట్టడి చేస్తే జనం పొడవాటి తుపాకీ గొట్టాన్ని రంపంతో కోసి దాన్నే పిస్తోలులా కోటు కింద దాచుకుంటారు కాబట్టి, కోసిన తుపాకులనూ చట్టం కిందికి తేవాలన్నది తర్కం. కాంగ్రెస్ కమిటీ ముందు తుపాకీదారుల సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అధ్యక్షుడు, 1920 ఒలింపిక్స్‌లో పిస్తోలు పోటీల స్వర్ణ విజేత కార్ల్ ఫ్రెడరిక్ దీనికి వ్యతిరేకంగా వాదన వినిపించారు. వ్యతిరేకత పెరగడంతో చివరకు పిస్తోళ్లు, రివాల్వర్లను బిల్లులోంచి తీసేశారు. వాటి కోసం వేసిన కట్టుదిట్టాన్ని మాత్రం ఎవరూ తీయలేదు. చేను అమ్ముడైపోయినా కంచె మిగిలిపోయినట్టు, చేతిలో ఇమిడే పిస్తోలు స్వేచ్ఛగా అమ్ముడుపోతుంటే దానికంటే దాచడం కష్టమైన కురచ రైఫిల్ మెషిన్‌గన్‌తో సమానంగా జాబితాకెక్కింది. ఈ అసంగతాన్ని తుపాకీ నియంత్రణను సమర్థించేవారు కూడా సూటిగా ఎదుర్కోవలసిందే.

అంగుళాల లెక్క కూడా స్థిరంగా లేదు. మొదట రైఫిల్‌కూ షాట్‌గన్‌కూ 18 అంగుళాలే హద్దు. 1936లో .22 క్యాలిబర్ రైఫిళ్లకు 16 అంగుళాల దాకా సడలింపు ఇచ్చారు. 1960లో రైఫిళ్లన్నిటికీ 16 చేశారు, షాట్‌గన్‌కు 18 అలాగే ఉంచారు. మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదన్న షరతు వేరే ఉంది. గుండు వేగం గురించో గాయం తీవ్రత గురించో చేసిన పరిశోధన నుంచి పుట్టిన అంకెలు కావివి, శాసనసభ్యుల బేరసారాల్లో కుదిరినవి. కొలిచే పద్ధతి మాత్రం పక్కాగా ఉంటుంది. ఖాళీ తుపాకీ బోల్టు (గొట్టం వెనుక కొసను మూసే లోహపు భాగం) మూసి, గొట్టం చివరి నుంచి సన్నని కర్రను బోల్టుకు తగిలేదాకా దూర్చి, గొట్టం అంచు దగ్గర గీత పెట్టి, కర్రను బయటకు తీసి కొలుస్తారు. గొట్టం కొనకు బిగించిన పరికరం మర తిప్పి ఊడదీయగలిగేదైతే లెక్కలోకి రాదు, వెల్డింగ్‌తో శాశ్వతంగా అతికించినదైతే వస్తుంది.

కోర్టుల్లో ఈ చట్టం మొదటి నుంచీ పన్ను అన్న ముసుగుతోనే గట్టెక్కింది. పైకి పన్నుగా కనిపించి కొంతైనా ఆదాయం తెచ్చేదాని వెనుక ఉద్దేశాలు వెతకడం తమ పని కాదని 1937లో సన్‌జిన్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1939 నాటి మిల్లర్ కేసు ఓక్లహోమాలోని క్లేర్‌మోర్ నుంచి ఆర్కాన్సాలోని సైలోమ్ స్ప్రింగ్స్‌కు తరలించిన ఒక కోసిన షాట్‌గన్ గురించినది. ముద్దాయిల తరఫున వాదించడానికి ఎవరూ రాలేదు. తీర్పు వెలువడేనాటికి ముద్దాయిల్లో ఒకడైన మిల్లర్ హత్యకు గురయ్యాడు. ఆయుధాలు కలిగి ఉండే హక్కుకు సంబంధించిన రెండో రాజ్యాంగ సవరణపై దశాబ్దాల పాటు ఆధారంగా నిలిచిన తీర్పు ఒక పక్షం వాదనే విని ఇచ్చినది కావడం విచిత్రమే.

అసలు దెబ్బ 1968 జనవరిలో హేన్స్ కేసులో తగిలింది. అప్పటి నిబంధనల ప్రకారం రిజిస్టర్ కాని ఆయుధం ఉన్నవాడు దాన్ని నమోదు చేయించుకోవాలి, కానీ నమోదుకు వెళ్లడమంటే నేరాన్ని తన నోటితో తానే ఒప్పుకోవడమే. ఇది తనపై తానే సాక్ష్యం చెప్పేలా ఎవరినీ బలవంతపెట్టరాదనే ఐదో సవరణకు విరుద్ధమని కోర్టు తేల్చడంతో, కాంగ్రెస్ అదే ఏడాది చట్టాన్ని తిరగరాసింది. నమోదు కోసం ఇచ్చిన సమాచారాన్ని గతంలోని లేదా ఆ సమయంలోని నేరానికి సాక్ష్యంగా వాడరాదని రాసి, నవంబర్ 2 నుంచి డిసెంబర్ 1 దాకా క్షమాభిక్ష గడువు ఇచ్చింది. ఆ గడువు ముగిశాక, అప్పటికే చేతిలో ఉన్న అక్రమ ఆయుధాన్ని యజమాని నమోదు చేయించుకునే దారి మూసుకుపోయింది. అందుకే నేటికీ వరుస తప్పకూడదు: ముందు ఫారం 1 దరఖాస్తు, తరువాత ఆమోదం, ఆ తరువాతే బ్యారెల్ మార్చడం. ఇప్పటికే కురచగా తయారై ఉన్నదాన్ని డీలర్ నుంచి కొంటే ఫారం 4. 1986లో మెషిన్‌గన్‌ల కొత్త నమోదును పౌరులకు మూసేసినా కురచ రైఫిళ్లకు తలుపు తెరిచే ఉంచారు.

వ్యక్తిగత దరఖాస్తుదారుకు చాలాకాలం అడ్డుగోడ పన్ను కాదు, స్థానిక పోలీసు అధికారి సంతకం. ఆ సంతకం పెట్టవలసిన బాధ్యత అధికారికి లేదు కాబట్టి, కొన్ని కౌంటీల్లో దరఖాస్తు అక్కడే ఆగిపోయేది. దాంతో జనం ట్రస్టులు పెట్టి ఆ పేరున నమోదు చేయించుకునేవారు, ట్రస్టుకు సంతకంతోనూ వేలిముద్రలతోనూ పని లేదు. 2016 జూలై 13 నుంచి అమలైన నిబంధన ఈ రెంటినీ సరిచేసింది: సంతకం పోయి పోలీసు అధికారికి సమాచారం ఇస్తే చాలన్నారు, ట్రస్టులోని బాధ్యులంతా వేలిముద్రలు, ఫొటోలు ఇవ్వాలన్నారు. సొంతంగా తయారుచేసుకునేవారు తమ పేరు, ఊరు, రాష్ట్రం తుపాకీ మీద చెక్కించాలి.

ఇంతలో పిస్తోలుకూ రైఫిల్‌కూ మధ్య గీత చెరగడం మొదలైంది. భుజానికి ఆనించి కాల్చేందుకు చేసినది రైఫిల్ అని చట్టం చెబుతుంది. 2012లో ముంజేతికి కట్టుకునే బ్రేస్ మార్కెట్లోకి వచ్చాక, ఏఆర్-15 రైఫిల్ తరహా కురచ తుపాకులు పిస్తోళ్లుగానే అమ్ముడై, భుజాన ఆనించి వాడుకలోకి వచ్చాయి. వీటిలో చాలావాటిని కురచ రైఫిళ్లుగా పరిగణించే నిబంధనను తుపాకుల పర్యవేక్షణ సంస్థ ఏటీఎఫ్ 2023 జనవరి 31న అధికారికంగా ప్రచురించి, పన్ను లేకుండా నమోదుకు 120 రోజులు ఇచ్చింది. సుమారు రెండున్నర లక్షల దరఖాస్తులు వచ్చాయి. 2024 జూన్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది.

2025లో బడ్జెట్ బిల్లు సందర్భంగా రిపబ్లికన్లు కురచ రైఫిళ్లను చట్టం నుంచే తీసేయాలని చూశారు. బడ్జెట్‌తో సంబంధం లేని అంశాన్ని బడ్జెట్ బిల్లుల కోసం ఉన్న ప్రత్యేక విధానంలో ఇరికించరాదని సెనేట్ పార్లమెంటేరియన్ (సభ నిబంధనలపై సలహా ఇచ్చే అధికారి) అడ్డుచెప్పడంతో పన్ను మాత్రం సున్నా చేసి సరిపెట్టుకున్నారు. జూలై 4న చట్టమైన ఆ మార్పుతో 1937 నాటి ప్రశ్న తలకిందులై తిరిగొచ్చింది: రూపాయి ఆదాయం లేని పన్ను కోసం రిజిస్టర్ ఎందుకు? ఇదే వాదనతో ఫెడరల్ కోర్టుల్లో దావాలు దాఖలయ్యాయి. రిజిస్టర్ ఉండాలని కోరుకునేవారు ఇకపై పన్ను చాటున కాక, ప్రజాభద్రత పేరుతో నేరుగా దాన్ని సమర్థించుకోవడమే నిజాయితీ అనిపిస్తుంది.

అమెరికాలోని తెలుగువారికి ఇందులో రెండు సంగతులు వర్తిస్తాయి. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఏ తుపాకీ కూడా దగ్గర ఉంచుకోరాదని 1998 నుంచి ఫెడరల్ చట్టం చెబుతోంది, గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. నమోదైన కురచ రైఫిల్‌ను మరో రాష్ట్రానికి తీసుకెళ్లాలన్నా ఏటీఎఫ్ ముందస్తు అనుమతి తప్పనిసరి. కాబట్టి టెక్సస్‌లో చట్టబద్ధంగా సంపాదించుకున్నవారు న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చి తరలిపోవలసివస్తే, ఆ రాష్ట్ర చట్టం దాన్ని అనుమతించదు గనుక, బయలుదేరే ముందే రైఫిల్‌ను అమ్ముకోవడమో పొడవు బ్యారెల్ బిగించుకోవడమో చేయవలసి ఉంటుంది.