పిల్లికీ సుగరు, మీకూ సుగరు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ముసలి పిల్లిని ఆసుపత్రికి తెచ్చేవారిలో చాలామంది తామూ బీపీకి, సుగరుకి, కీళ్లనొప్పులకి మందులు వాడుతున్నవారే. ఒకే బల్లమీద రెండు వైద్యాలు నడుస్తుంటాయి. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

అపోహ: ఇద్దరిదీ సుగరే కదా, నా ఇన్సులిన్, నా సిరంజీ పిల్లికీ సరిపోతాయి.

వాస్తవం: మనుషుల ఇన్సులిన్‌లలో కొన్నిటిని పిల్లులకు పశువుల డాక్టర్లం మేమూ రాస్తాం. చిక్కంతా దాని గాఢతలో ఉంది. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాలున్నాయి, 100 ఉండేవీ ఉన్నాయి. 40 సిరంజికి మామూలుగా ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. 100 మందుని ఎర్ర మూత సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల పిల్లికి సాధారణంగా 12 గంటలకోసారి ఒక యూనిట్‌తోనే మొదలుపెడతాం. అంత తేడా పడితే తూలుతుంది, ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది. తిరగేసి 40 మందుని నారింజ సిరంజితో ఇస్తే వెళ్లేది 0.4 యూనిటే. సుగరు తగ్గదు. మందు పనిచెయ్యట్లేదని గీతలు పెంచుకుంటూ పోతారు. తరవాత ఎవరో సరైన సిరంజి కొనుక్కొస్తారు, పిల్లి ఆ పూటే పడిపోతుంది.

మూత రంగుని నమ్ముకోకండి. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా చూడండి. చూపు ఆనకపోతే పిల్లలచేత చదివించండి. సూది దిగిందో లేదో అనుమానమొస్తే మళ్లీ వెయ్యొద్దు: ఒక పూట తప్పితే సర్దుకోవచ్చు, రెండుసార్లు పడితే ప్రాణం పోవచ్చు. తూలుతుంటే చిగుళ్లకి తేనె రాయండి, గొంతులో ఏమీ పొయ్యకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకసారి గడ్డకట్టిందంటే కరిగినా పారెయ్యాల్సిందే.

అపోహ: నొప్పికి మనం వేసుకునే మాత్రలో చిన్న ముక్క ఏం చేస్తుంది?

వాస్తవం: పారాసిటమాల్‌ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. 500 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్కే దాన్ని ప్రమాదంలో పడేస్తుంది. చిగుళ్లు గోధుమరంగుకో నీలానికో తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. మాత్ర మింగిందని తెలిస్తే అవి కనిపించేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. బీపీ మాత్ర అమ్లోడిపిన్ మాత్రం మనిషికీ పిల్లికీ ఒకటే మందు, కానీ పిల్లికి మామూలుగా 0.625 మిల్లీగ్రాములు, అంటే మీ 5 మిల్లీగ్రాముల మాత్రలో ఎనిమిదో వంతు. అందుకే ముక్కలు చేసే పని మీరు ఊహించి చెయ్యొద్దు.

అపోహ: నీళ్లు బాగా తాగుతోంది, ఆరోగ్యంగా ఉన్నట్టే.

వాస్తవం: కిడ్నీ జబ్బుకీ సుగరుకీ అదే మొదటి గుర్తు. పరీక్ష చేయించండి, ఉప్పు మెత్తళ్లు మానిపించండి. కిడ్నీ పిల్లికి చర్మం కింద సెలైన్ ఎక్కించమని రాస్తే (నాలుగు కిలోలకి తరచు 100 మిల్లీలీటర్లు, గుండె జబ్బుంటే కాదు) నడుం వంచక్కర్లేదు. పిల్లిని బల్లమీద తువ్వాలులో చుట్టి మీరు కుర్చీలో కూర్చోండి, సీసాని కిటికీ ఊచకి వేలాడదియ్యండి. ఆ సీసాని ముందే గోరువెచ్చని నీళ్లలో ఉంచితే పిల్లి పెనుగులాడదు. భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా ఎత్తి సూది దించండి. చర్మం కింద మెత్తగా ఉబ్బుతుంది, కాలివైపు జారుతుంది, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. ఆయాసపడితే ఆపెయ్యండి.

అపోహ: ఇంటి పిల్లి కొరికితే ఏం కాదు.

వాస్తవం: దాని పళ్లు సన్నగా లోతుకి దిగుతాయి, సుగరున్న మనిషికి ఆ గాటు తొందరగా చీము పడుతుంది. 15 నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లలో కడిగి, రేబిస్ టీకా సంగతి తేల్చుకోవడానికి అదే రోజు డాక్టరుగారిని కలవండి.

అపోహ: అన్నీ చెయ్యలేనప్పుడు వైద్యం మానెయ్యడమే మంచిది.

వాస్తవం: మీ చెయ్యి వణుకుతుందనో, రోజుకి రెండుసార్లు లేవలేననో పశువుల డాక్టరుగారికి చెప్పండి. ఏది తప్పనిసరో, ఏది తగ్గించవచ్చో ఆయన తేలుస్తారు. ఒడియా చదవడం రాకపోతే మందు పేరు, పూట, మోతాదు తెలుగులో రాయించుకోండి. ఆ కాగితాన్ని పిల్లి మందుల డబ్బా మూతకి అంటించి, ఆ డబ్బాని మీ మాత్రలున్న గదిలో కాకుండా వేరే గదిలో పెట్టండి.