లైను ఎవరికి దొరకాలి?

2018 అక్టోబరు 11. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఒడిశాలోని మా గజపతి జిల్లా మీదికి వచ్చిన రోజు. పర్లాకిమిడి నుంచి, పక్కనే ఉన్న పాతపట్నంలోని అత్తకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. సిగ్నల్ గీతలు ఉన్నాయి, కాల్ మాత్రం కలవదు. టవర్లు కూలినచోట సంగతి వేరు. టవర్ నిలబడి ఉన్నా కలవట్లేదంటే, చాలాసార్లు దారి నిండిపోయి కొత్త కాల్‌ను గుమ్మంలోనే ఆపేశారని అర్థం.

దీని వెనక నూరేళ్లు దాటిన లెక్క ఉంది. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో దాన్ని తేల్చాడు. ఉన్నవి 10 లైన్లు, గంటకు 100 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకోండి. లైను దొరకనివాళ్లు నూటికి ఇద్దరు కూడా ఉండరు. అవే కాల్స్ 200 అయితే నూటికి 21 మంది వెనక్కి తిరగాల్సిందే. తుపాను రోజున రద్దీ రెట్టింపుతో ఆగుతుందా?

ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చునే కాలంలో ఈ వడపోత ఆపరేటరు చేతిలో ఉండేది. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్... ఎక్కువ కట్టినవాళ్లకు ముందు. ఆపరేటరు లేకుండా మనమే నేరుగా దూరపు నంబరు తిప్పే ఎస్‌టీడీతో అది యంత్రం చేతికి వెళ్లింది. ‘ఈ రూటులో లైన్లన్నీ బిజీగా ఉన్నాయి’ అంటే ఒళ్లు మండేది గానీ, అప్పటికే మాట్లాడుతున్నవారి మాట తెగలేదు.

ఇంటర్నెట్ ఆ గుమ్మమే పెట్టుకోలేదు, అందరినీ రానిచ్చింది. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ దాని పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య, 400 గజాల దూరంలో, సెకనుకు 32,000 బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. ఆ ప్రయోగశాల పరిశోధకుడు వాన్ జాకబ్సన్ 1988లో చెప్పిన మందు, పంపేవాళ్లే రద్దీని పసిగట్టి వేగం తగ్గించుకోవడం. డేటాకు అది సరిపోయింది. మాటకు సరిపోదు, సగం వేగంతో ‘బతికే ఉన్నాం’ అని చెప్పలేం.

అందుకే మొబైల్లో గుమ్మం మళ్లీ వచ్చింది. గుణుపురం రైల్లో మాట్లాడుతూ వెళ్లేవారి కాల్ తర్వాతి టవర్‌లో తెగకూడదని, కొంత చోటు కొత్త కాల్స్‌కు ఇవ్వకుండా అట్టేపెట్టే పద్ధతి ఉంది. అసలు ప్రతి సిమ్‌లోనే 0 నుంచి 9 లోపు ఒక తరగతి అంకె రాసి ఉంటుంది. రద్దీ మితిమీరితే కొన్ని అంకెలవాళ్లను కాసేపు ఆగమని టవర్ ప్రకటిస్తుంది. ఫోన్ అడగడమే మానేస్తుంది. 11 నుంచి 15 ప్రత్యేక తరగతులు, 14 అత్యవసర సేవలవారిది.

నా మట్టుకు, కొండ ఊళ్లలో గర్భిణిని ఆసుపత్రికి చేర్చే ఆశా కార్యకర్త సిమ్ ఆ 14లో ఉండి తీరాలి.